వేక్‌సర్ఫింగ్‌కి ఇన్‌బోర్డ్ బోటు ఎంచుకునేది ఎలా

డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లలో ఎవరో ఒకరు ప్రతి వేసవిలో నన్ను అడుగుతుంటారు. "పిల్లలు వేక్‌సర్ఫింగ్ నేర్చుకున్నారు. ప్రతి వీకెండ్ రెంట్‌కి తీసుకుని విసిగిపోయాం. ఏ బోటు కొనమంటారు?" అని. వేక్‌సర్ఫింగ్ అంటే పడవ వెనక లేచే అల మీద బోర్డుతో సాగడం. నేను వెంటనే కంపెనీ పేరు చెప్పను. ఏ లేక్‌కి వెళ్తారు, ఎంతమంది వెళ్తారు, ఇంట్లో ఏ కారుంది అని ముందు అడుగుతాను. ఈ మూడూ తెలిస్తే సగం బోట్లు వాటంతట అవే జాబితాలోంచి పోతాయి. మిగిలిన వాటిలో ఏది కొనాలో పడవ వెనక లేచే అలను చూసి తేల్చుకోవాలి, షోరూంలో సీట్లనీ స్పీకర్లనీ చూసి కాదు.

ముందుగా ప్రొపెల్లర్ ఎక్కడుందో చూడండి

వేక్‌సర్ఫింగ్‌లో తాడు అవసరం మనిషి లేచి నిలబడే వరకే. ఆ తర్వాత దాన్ని పడవలోకి విసిరేసి, అల తోపుతోనే ముందుకు సాగాలి. అంటే మన అమ్మాయి పడవ వెనక అంచుకు పదడుగుల దూరంలో, ఒక్కోసారి ఇంకా దగ్గరగా ఉంటుంది. పడితే అక్కడే పడుతుంది. బోర్డు మీదనుంచి ముందుకు జారితే నేరుగా పడవ వెనక మెట్టు కిందికే వెళ్లొచ్చు.

అందుకే అవుట్‌బోర్డ్, స్టెర్న్‌డ్రైవ్ బోట్ల వెనక సర్ఫింగ్ చేయకూడదు. వాటిలో ప్రొపెల్లర్ పడవ వెనక గోడ దాటి బయట తిరుగుతుంటుంది. "మేం పోయేది గంటకు పది మైళ్లే కదండీ" అని నాతో అన్నవాళ్లున్నారు. వేగం ఎంతైనా ప్రొపెల్లర్ రెక్కకు తేడా లేదు. ఇన్‌బోర్డ్‌లో ఇంజిన్ పడవ లోపల, ప్రొపెల్లర్ పడవ అడుగున వెనక అంచుకు బాగా ముందు, చుక్కానికి కూడా ముందు ఉంటుంది. సర్ఫింగ్‌కి పనికొచ్చే అమరిక అది. వోల్వో పెంటా తయారుచేసే ఫార్వర్డ్ డ్రైవ్ లాంటివి మినహాయింపు. చూడ్డానికి స్టెర్న్‌డ్రైవ్‌లా ఉన్నా వాటి ప్రొపెల్లర్లు ముందువైపు తిరిగి పడవ అడుగుకి చేరి ఉంటాయి. సర్ఫింగ్ ఒక్కటే కాకుండా ట్యూబింగ్ (గాలి ట్యూబు మీద పడవ వెనక లాగించుకోవడం), విహారం కూడా కావాలనుకునే కుటుంబాలు వాటిని చూడొచ్చు. అల కోసమే కొంటున్నారంటే మాత్రం నా మాట ఇన్‌బోర్డే.

ఇన్‌బోర్డ్‌లోనూ వి-డ్రైవ్

ఇన్‌బోర్డ్ అని రాసి ఉన్నదల్లా సర్ఫ్ బోటు కాదు. పాత బోట్ల ప్రకటనల్లో తక్కువ ధరకు కనపడేవి చాలావరకు డైరెక్ట్ డ్రైవ్‌లు. వాటిలో ఇంజిన్ పడవ నడిమధ్యలో పెట్టెలా కూర్చుని ఉంటుంది. అవి వాటర్ స్కీయింగ్ కోసం పుట్టినవి. స్కీయర్‌కి గంటకు ముప్పై మైళ్ల పైన వేగం, వెనక వీలైనంత చదునైన నీరు కావాలి. మనకు గంటకు 10 నుంచి 12 మైళ్ల వేగం, వీలైనంత పెద్ద అల కావాలి. ఒకరికి గుణమైనది ఇంకొకరికి లోపం. వి-డ్రైవ్‌లో ఇంజిన్‌ని వెనక్కి జరిపి, తిప్పి పెడతారు. షాఫ్ట్ ముందుకొచ్చి గేర్‌బాక్స్‌లో వి ఆకారంలో మళ్లీ వెనక్కి వెళ్తుంది. బరువు వెనకుండటంతో తోక భాగం నీళ్లలోకి దిగుతుంది, అల లేస్తుంది. మధ్యలో చోటు ఖాళీ కాబట్టి అమ్మమ్మ, తాతయ్య కూడా హాయిగా కూర్చోవచ్చు.

మీ ఇల్లు, మీ కారు, మీ లేక్

సర్ఫ్ బోట్లలో ఎక్కువగా దొరికేవి 21 నుంచి 24 అడుగులవి. మూడడుగులే కదా తేడా అనిపిస్తుంది కానీ బరువులో, చోటులో, ధరలో అది చాలా పెద్ద తేడా. 23 అడుగుల కొత్త తరం బోటు ఖాళీగానే 5,500 పౌండ్లకు అటూ ఇటూ, కొన్నయితే ఇంకా ఎక్కువే ఉంటాయి. ట్రైలర్, పెట్రోలు, సామాన్లు కలిపితే 7,500 నుంచి 8,500 పౌండ్లు. మన ఇళ్ల ముందు ఎక్కువగా కనపడే హోండా ఒడిస్సీ లాగగలిగేది 3,500 పౌండ్లు. టెస్లా మోడల్ వై కూడా అంతే. పెట్రోల్ టయోటా హైలాండర్ అయితే 5,000. కాబట్టి పెద్ద పికప్ ట్రక్కో, టాహో లాంటి పెద్ద ఎస్‌యూవీయో కావాలి, లేదా బోటు లేక్ దగ్గరే ఉండిపోవాలి. ట్రక్కు కొనాల్సి వస్తే దాన్ని కూడా బోటు ఖర్చులోనే రాసుకోండి.

తర్వాత గ్యారేజ్ కొలవండి. పడవ పొడవొక్కటే కాదు, వెనక మెట్టు, ట్రైలర్ ముందు కాడి, పడవ మీద తాడు కట్టే టవర్ ఎత్తు అన్నీ కలిపి కొలవాలి. ఇరవై అడుగుల లోతున్న మామూలు గ్యారేజ్‌లో 23 అడుగుల బోటు పట్టదు. డ్రైవ్‌వేలో పెడదామంటే చాలా కమ్యూనిటీల్లో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోదు. మాకు వచ్చిన మొదటి నోటీసు బోటు ఇంటికి తెచ్చిన నాలుగో రోజునే. మెరీనాలో స్లిప్ (పడవ కట్టుకునే చోటు) గానీ, కప్పున్న స్టోరేజ్ గానీ నెలకెంతో ముందే కనుక్కుని, వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకున్నాకే బోటు చూడటం మొదలుపెట్టండి.

ఇక లేక్ సంగతి. సర్ఫ్ అల బలమైనది, ఒడ్డును కోస్తుంది, కట్టేసిన పడవల్ని కొడుతుంది. మిన్నెసోటా యూనివర్సిటీలోని సెయింట్ ఆంథనీ ఫాల్స్ ల్యాబ్ 2022లో వేక్‌సర్ఫ్ బోట్ల అలలను కొలిచి, ఒడ్డుకు 500 అడుగులకు పైగా దూరంలో నడపమని సూచించింది. వెర్మాంట్ రాష్ట్రం 2024లో దీన్ని నిబంధనే చేసింది. అక్కడ ఒడ్డుకు 500 అడుగుల దూరం, కనీసం 20 అడుగుల లోతు, 50 ఎకరాల విశాలం ఉన్న జోన్లలోనే వేక్‌సర్ఫింగ్ చేయాలి. మీ ఊళ్లో చట్టం లేకపోయినా ఈ కొలతలనే పాటించండి. లోతు తక్కువైతే అల కూడా సరిగా రాదు. మీరు వెళ్లేది ఒడ్డులోకి చొచ్చుకుపోయిన సన్నటి కోవ్‌లున్న చిన్న లేక్ అయితే 24 అడుగుల బోటు కొని ఏం లాభం?

అల ఎలా పుడుతుంది

ఇదొక్కటి అర్థమైతే సేల్స్‌మన్ చెప్పే ప్రతి మాటనూ మీరే తూచగలరు. పడవ కదిలినప్పుడు నీటిని పక్కలకు నెడుతుంది. అది వెళ్లగానే ఆ ఖాళీలోకి రెండు పక్కలనుంచీ నీళ్లు వచ్చి కలుస్తాయి. పడవ ఎంత బరువుంటే అంత నీరు తొలుగుతుంది, అంత పెద్ద అల. అందుకే ఈ బోట్లలో లేక్ నీటినే పంపులతో లోపలికి నింపుకునే బ్యాలస్ట్ ట్యాంకులుంటాయి. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు. 3,000 పౌండ్ల బ్యాలస్ట్ అంటే దాదాపు 360 గ్యాలన్లు, సుమారు ఇరవై మంది పెద్దవాళ్ల బరువు.

ఆ బరువు ఎక్కడ పెట్టామన్నది బరువెంత అన్నదానికంటే ముఖ్యం. ఎడ్లబండికి లోడెత్తడం చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు ఎక్కువైతే ఎడ్ల మెడలు వంగిపోతాయి. పడవలోనూ వెనకే అంతా నింపితే అల ఎత్తుగా, నిటారుగా లేస్తుంది కానీ పొట్టిగా ఉంటుంది. దాని తోపు పడవ వెనక కొద్ది దూరానికే అయిపోతుంది. ముక్కు వైపు కొంత బరువు చేరిస్తే అల పొడవు సాగుతుంది, నేర్చుకునేవాళ్లకు నిలదొక్కుకోవడానికి చోటు దొరుకుతుంది. కాబట్టి "ఎంత బ్యాలస్ట్?" అని అడిగి ఊరుకోకండి. "ముందు ఎంత, వెనక ఎంత? విడివిడిగా నింపొచ్చా? నిండటానికి ఎంతసేపు, ఖాళీ అవడానికి ఎంతసేపు?" అని అడగండి. పాత బోట్లలో నింపడానికే పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు. సెంచూరియన్ లాంటి కొన్నిటిలో పడవ అడుగున పెద్ద ద్వారం తెరిచి నీటిని నేరుగా లోపలికి వదిలే ఏర్పాటుంది.

వెనకటి రోజుల్లో సర్ఫ్ చేయాలంటే పడవను ఒక పక్కకు ఒరిగేలా నింపేవాళ్లు. ఎడమవైపు సర్ఫ్ చేసే పిల్ల దిగి, కుడివైపు సర్ఫ్ చేసే పిల్లవాడు ఎక్కాలంటే ఒకవైపు ఖాళీ చేసి రెండోవైపు నింపేదాకా అందరూ ఎండలో కూర్చోవాల్సిందే. మాలిబు కంపెనీ 2012లో సర్ఫ్ గేట్ తెచ్చింది. పడవ వెనక పక్కల్లో ఒక పలక బయటికి తెరుచుకుని, ఆ పక్కనుంచి వచ్చే నీటిని కాస్త ఆలస్యం చేస్తుంది. దాంతో రెండో పక్క అల శుభ్రంగా, పొడవుగా తయారవుతుంది. ఎడమవైపు సర్ఫ్ చేయాలంటే కుడి పలక తెరవాలన్నమాట. పడవ నిటారుగానే నిలుస్తుంది, మీట నొక్కితే కొన్ని సెకన్లలో అల పక్క మారుతుంది. తర్వాత నాటిక్, మాస్టర్‌క్రాఫ్ట్ వంటివి కూడా తమ తమ పద్ధతుల్లో ఇదే పని చేసే ఏర్పాట్లు తెచ్చాయి. ఎడమ కాలు ముందు పెట్టేవాళ్లు ఎక్కువగా పడవ ఎడమ అలను, కుడి కాలు ముందు పెట్టేవాళ్లు కుడి అలను ఎంచుకుంటారు. మీ ఇంట్లో రెండు రకాల వాళ్లూ ఉంటే ఈ సౌకర్యం లేని బోటు తీసుకోవద్దు. పాతది చవగ్గా వస్తే 2013కి ముందూ తర్వాతా అన్న తేడా గుర్తుపెట్టుకోండి.

జీపీఎస్ ఆధారంగా వేగం నిలిపే స్పీడ్ కంట్రోల్ కూడా తప్పనిసరి. అర మైలు వేగం అటూ ఇటూ అయితే అల ఆకారమే మారిపోతుంది, చేత్తో థ్రాటిల్ పట్టుకుని దాన్ని నిలపడం కష్టం.

కంపెనీ, ధర

నాటిక్ బోట్లు చేసే కరెక్ట్ క్రాఫ్ట్ ఫ్లోరిడాలో 1925లో మొదలైంది. మాస్టర్‌క్రాఫ్ట్ టెనెసీలో 1968లో, మాలిబు కాలిఫోర్నియాలో 1982లో పుట్టాయి. ఈ మూడూ ఖరీదైన వరస. సూప్రా, సెంచూరియన్, టీజే కూడా వాటితో పోటీ పడేవే. టీజే మన టెక్సస్‌లోనే, ఆబిలీన్‌లో తయారవుతుంది. వీటికి చెల్లెళ్లలాంటి బ్రాండ్లున్నాయి. మాలిబుకి ఆక్సిస్, సూప్రాకి మూంబా, సెంచూరియన్‌కి సుప్రీమ్, టీజేకి ఏటీఎక్స్. సీట్ల కుట్టు, స్క్రీన్ల సైజు తగ్గుతాయి కానీ అల విషయంలో అక్కకు పెద్దగా తీసిపోవు. మొదటిసారి కొనేవాళ్లు ఈ చెల్లెళ్ల వైపే చూడాలని నా గట్టి అభిప్రాయం. కొత్తవి లక్ష డాలర్ల చుట్టూ మొదలై, పెద్దవి రెండు లక్షలు దాటిపోతాయి. ఆ డబ్బు అనగానే పిల్లల కాలేజీ ఫీజులు గుర్తొచ్చే ఇల్లు మాది. అందుకే వాడిన బోటే కొన్నాం, అదే ఇప్పటికీ వాడుతున్నాం.

పెట్రోలు కూడా లెక్కేసుకోండి. ట్యాంకులు నింపుకుని సర్ఫ్ చేస్తుంటే గంటకు 6 నుంచి 10 గ్యాలన్లు తాగుతుంది, పెద్ద బోటుకి ఇంకా ఎక్కువ.

లేక్ టెస్ట్ లేకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు

నీళ్ల మీద చూడకుండా సర్ఫ్ బోటు కొనడమంటే వంట రుచి చూడకుండా పెళ్లికి కేటరింగ్ ఖాయం చేసుకోవడమే. డీలర్ గానీ సొంతదారు గానీ నీళ్లలో చూపించనంటే మర్యాదగా దణ్ణం పెట్టి వచ్చేయండి.

వెళ్లేటప్పుడు మీ ఇంట్లోవాళ్లందరినీ, మామూలుగా మీతో వచ్చే స్నేహితుల్నీ తీసుకెళ్లండి. ఆ బరువుతోనే అల చూడాలి కదా. బ్యాలస్ట్ పూర్తిగా నింపించండి, ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో టైమర్ పెట్టండి. రెండు వైపులా సర్ఫ్ చేయించండి. చాలా బోట్లకు ఒక పక్క అల బాగుండి రెండో పక్క నీరసంగా ఉంటుంది, ఇది కాగితం మీద తెలియదు. మీ ఇంట్లో బరువైన మనిషినీ, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లనీ ఇద్దరినీ ఎక్కించండి. బరువైన మనిషి తాడు వదిలాక వెనకబడిపోతున్నాడంటే ఆ అలకు తోపు చాలదు. వేగం గంటకు పదిన్నర, పదకొండు, పదకొండున్నర మైళ్లకు మార్చి చూడండి. వేగం పెరిగేకొద్దీ అల పొడవై కాస్త పల్చబడుతుంది. ఆ తేడాలో మీవాళ్లకు ఏది నచ్చిందో రాసుకోండి.

మీరు మాత్రం డ్రైవర్ సీట్లో కూర్చోండి. నిండుగా ఉన్నప్పుడు ముక్కు ఎంత పైకి లేస్తోంది, ముందు ఏమైనా కనపడుతోందా? హఠాత్తుగా థ్రాటిల్ తగ్గిస్తే సొంత అలే ముక్కు మీదుగా లోపలికి దూకుతుందా? ముందు సీట్లలో పిల్లలు కూర్చునే కుటుంబాలకు ఇది చాలా ముఖ్యం. ఎంతమంది, ఎంత బరువు ఎక్కొచ్చో చెప్పే కెపాసిటీ ప్లేట్ డ్రైవర్ దగ్గర ఉంటుంది, అది చదివి, అందులో బ్యాలస్ట్ బరువు కలిసి ఉందో లేదో అడగండి. రివర్స్‌లో ఇన్‌బోర్డ్ బోటు తిన్నగా రాదు, ఒక పక్కకు లాగుతుంది. డాక్‌కి చేర్చడం రెండుమూడు సార్లు మీరే చేసి చూడండి.

ఇదే రోజు ఇంకొకటి కూడా గమనించాలి. నిదానంగా పోయే పడవ వెనక ఇంజిన్ పొగ పేరుకుంటుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. వెనక మెట్టు మీద కూర్చున్నవాళ్లను, పడవకు మరీ దగ్గరగా ఉన్నవాళ్లను మగతలోకి దింపి ప్రాణం తీయగలదు. 2010 మోడల్స్ నుంచి అమెరికాలో ఎమిషన్ నిబంధనల వల్ల ఈ ఇంజిన్లకు క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. వాటితో విషం తగ్గుతుంది, పూర్తిగా పోదు. అంతకంటే పాత బోటు కొంటే పొగను ప్రొపెల్లర్ నీళ్లలోకి మళ్లించే సర్ఫ్ పైపు పెట్టించండి. ఏ బోటైనా సరే పనిచేసే డిటెక్టర్ ఉండాలి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా వెనక మెట్టు మీద ఎవరూ కూర్చోకూడదు, ఎక్కకూడదు, దిగకూడదు. ఎవరికైనా తలనొప్పి, కడుపులో తిప్పడం మొదలైతే ఎండదెబ్బ అనుకుని ఊరుకోకండి, ముందు ఇంజిన్ ఆపి గాలి తగిలే చోటికి తీసుకెళ్లండి.

వాడిన బోటైతే చూడాల్సినవి

2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టిపోయింది గుర్తుందా? ఆ వసంతంలో నేనొక బోటు చూడ్డానికి వెళ్లాను. తళతళలాడుతోంది, గంటలు తక్కువ, ధర నచ్చింది. నేను వెళ్లేసరికే ఇంజిన్ వేడెక్కి ఉంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు పోసిన కాఫీ రంగులో ఉంది. చలికాలం ముందు బ్లాక్‌లోని నీళ్లు తీయకపోతే అవి గడ్డకట్టి ఉబ్బి ఇనుమును చీలుస్తాయి, ఆ చీలికలోంచి నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి. ఆ అమ్మే మనిషికి సంగతి తెలుసో తెలియదో నాకు తెలీదు. ఆ రోజు డిప్‌స్టిక్ తీయకపోయుంటే మా డబ్బు నీళ్లపాలే.

అప్పట్నుంచి నేను పెట్టుకున్న పద్ధతి చెప్తాను. "నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పాలి. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో చూడాలి. డ్యాష్‌లో కనపడే గంటలతో ఆగకుండా ఇంజిన్ కంప్యూటర్‌లోని గంటలు మెకానిక్ చేత చదివించాలి. రెండూ కలవకపోతే ఎందుకో అడగాలి. ఏడాదికి 50 నుంచి 100 గంటలు మామూలు వాడకం. పదేళ్ల బోటుకి 600 గంటలుండి, ప్రతి 50 గంటలకూ ఆయిల్ మార్చిన రశీదులుంటే, 90 గంటలే తిరిగి ఏళ్లతరబడి ఎండలో పడున్నదానికంటే నాకు అదే ఇష్టం. నీళ్లు తోడే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ ఏటా మార్చారా, గేర్‌బాక్స్ ఆయిల్, వి-డ్రైవ్ ఆయిల్ ఎప్పుడు మార్చారు అన్నవీ అడగండి. షాఫ్ట్ పడవలోంచి బయటికి వెళ్లే చోట నీరు ధారగా కారుతోందేమో టార్చ్ వేసి చూడండి. ప్రొపెల్లర్ రెక్క అంచు ఏ మాత్రం వంగినా పడవ వణుకుతుంది. ఆ దెబ్బ షాఫ్ట్‌కి, దాన్ని పట్టి ఉంచే స్ట్రట్‌కి కూడా తగిలి ఉండొచ్చు. టవర్ బిగించిన చోట సాలెగూడులాంటి పగుళ్లు, బ్యాలస్ట్ బ్యాగుల కింద చెమ్మ, పనిచేయని పంపు, ఇవన్నీ ధర తగ్గించుకోవడానికి పనికొచ్చేవి. పాలరంగు ఆయిల్ మాత్రం బేరానికి కాదు, వెనక్కి తిరిగి రావడానికి.

ట్రైలర్‌ని ఎవరూ చూడరు. టైరు మీద తేదీ కోడ్‌లోని చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెప్తాయి. గాట్లు బాగానే ఉన్నా ఏడెనిమిదేళ్ల టైరును నమ్మి హైవే ఎక్కకండి.

మీకు ఇంజిన్ గురించి తెలిసినా సరే, డబ్బు చేతులు మారేముందు పడవల్ని తనిఖీ చేసే మెరీన్ సర్వేయర్‌ని గానీ, ఆ బోటుతో సంబంధం లేని మెకానిక్‌ని గానీ పిలిపించి, ఇంజిన్ సిలిండర్లు ఒత్తిడి నిలుపుతున్నాయో చూసే కంప్రెషన్ టెస్ట్ చేయించండి. కొన్ని వందల డాలర్ల ఖర్చు అది.

కాగితాలు

పడవ వెనక కుడి పైమూలన 12 అక్షరాల హల్ నంబర్ చెక్కి ఉంటుంది. దాని చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. అది టైటిల్ (యాజమాన్య పత్రం) మీద నంబర్‌తో అక్షరం పొల్లుపోకుండా కలవాలి, లోన్ బాకీ లేదని తేలాలి. టెక్సస్‌లో పడవ టైటిల్, రిజిస్ట్రేషన్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ దగ్గర, ట్రైలర్‌ది కౌంటీ టాక్స్ ఆఫీసులో. సేల్స్ టాక్స్ 6.25 శాతం. 1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు ఇంత ఇంజిన్ ఉన్న బోటు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి, కాబట్టి కాలేజీకి వెళ్లే మీ అబ్బాయి చేత ముందే చేయించండి. 13 ఏళ్లలోపు పిల్లలు కదిలే పడవలో లైఫ్ జాకెట్ వేసుకోవడం చట్టం. సర్ఫ్ చేసేవాళ్లు ఏ వయసువాళ్లైనా వేసుకోవాలి. రెండుమూడు కుటుంబాలు కలిసి కొంటుంటే ఇన్సూరెన్స్‌లో నడిపే అందరి పేర్లూ ఉన్నాయో చూసుకోండి.

మొదటిసారి నీళ్లలోకి

ఉదయం ఏడింటికల్లా వెళ్లండి. గాలి లేచాక లూయిస్‌విల్ లేక్ లాంటి పెద్ద నీళ్లలో అల చెదిరిపోతుంది. మొదటి రోజు బ్యాలస్ట్ సగమే నింపి, పడవ బరువు మీ చేతికి అలవాటయ్యాక పెంచుకోండి. డ్రైవర్ సీటు నుంచి పడిపోతే ఇంజిన్ ఆపేసే కట్-ఆఫ్ తాడు డ్రైవర్‌కి కట్టే ఉండాలి. ఎవరైనా పడితే నిదానంగా తిరిగి, వాళ్లు డ్రైవర్ వైపు కనపడేలా దగ్గరికి చేరి, ఇంజిన్ ఆపాకే పైకి ఎక్కించండి. ఒకే చోట పదేపదే తిరగకుండా ఒడ్డుకు దూరంగా, పొడవైన తిన్నని దారిలో నడపండి.

ర్యాంప్ మీదికి వచ్చాక బ్యాలస్ట్ ట్యాంకులు, బ్యాగులు, బిల్జ్ (పడవ అడుగున నీరు చేరే చోటు) అన్నీ చివరి చుక్క దాకా ఖాళీ చేయండి. 2009లో టెక్సోమా లేక్‌లో బయటపడ్డ జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప ఇలా పడవల్లో మిగిలిన నీళ్లతో కూడా లేక్ నుంచి లేక్‌కి ప్రయాణిస్తుంది. దాని పిల్లలు కంటికి కనపడవు. లేక్ దగ్గర్నుంచి బయల్దేరేముందు పడవలోని నీళ్లు వదిలేయాలని టెక్సస్‌లో చట్టం కూడా ఉంది. ప్లగ్ తీసి, ట్రైలర్ ముక్కు కాస్త ఎత్తి ఉంచి, పంపులు గాలి లాగుతున్న చప్పుడు వినపడేదాకా ఆగండి. ఇంటికెళ్లాక సీట్ల కింది మూతలన్నీ తెరిచి, లోపల పూర్తిగా ఆరేదాకా వేరే లేక్‌లో దించకండి.